హేమంత ఋతువులో చక్రాల ఇల్లు: వేగధారణ లేని యాత్ర

ఉద్యోగ విరమణ అనంతరం తీరికగా యాత్రలు చేయాలని అభిలషించని దంపతులు అరుదు. అయితే అరవై దాటినవారి ప్రయాణాలకు తరచు అవరోధమయ్యేది ధనమూ కాదు, దూరమూ కాదు. దారిలో మూత్రవిసర్జనకు తగిన వసతి లేకపోవడం. ఈ మాట పైకి చెప్పుకోవడానికి సంకోచించి, ముఖ్యంగా స్త్రీలు, ప్రయాణదినాన ఉదయం నుండి మంచినీరు ముట్టరు. మా శ్రీమతి నలభై ఏళ్ళుగా పాటించిన పద్ధతి ఇదే. రెండేళ్ళ క్రితం ఒక వివాహానికి వెళ్ళి, బస్సులో ఎనిమిది గంటలు కూర్చుని వచ్చిన మరునాడే ఆమెకు మూత్రంలో మంట, చలిజ్వరం కలిగి, వారం దినాలు చికిత్స అవసరమైనది.

అందుచేత క్రిందటి పుష్యమాసంలో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలను దర్శించ సంకల్పించినప్పుడు, రెండు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి అమర్చిన వ్యానును డ్రైవరుతో సహా అద్దెకు తీసుకొన్నాము. పాశ్చాత్య దేశాలలో విశ్రాంత దంపతులు శీతకాలంలో ఇటువంటి మోటార్ హోములలో వెచ్చని ప్రాంతాలకు తరలిపోవడం పరిపాటి. ఇల్లు వెంట పెట్టుకొని కదలడం మనకూ బొత్తిగా కొత్త కాదు. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుండి కాశీకి పరివారంతో, డేరాలతో సాగి, తిరుగు ప్రయాణంలో ఈ కోస్తా మార్గాననే వచ్చారు.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరకసంహిత సూత్రస్థానంలోని 7వ అధ్యాయం అణచరాని 13 సహజవేగాలను పేర్కొన్నది. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర అందులోనివే. ఆలోచించి చూస్తే, దూరప్రయాణంలో మనం ఈ ఐదింటినీ ఒకే పూట అణచుకొంటున్నాము! మూత్రవేగాన్ని నిరోధిస్తే పొత్తికడుపులో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, శిరోవేదన కలుగుతాయని ఆ గ్రంథం హెచ్చరించింది. నీరు తక్కువగా త్రాగి, గంటల తరబడి మూత్రాన్ని ఆపుకొంటే మూత్రాశయంలో సూక్ష్మజీవులు వృద్ధి చెందే అవకాశం ఎక్కువని నేటి వైద్యులూ చెబుతున్నారు. వయస్సు మీరినకొద్దీ దప్పిక మందగిస్తుంది. చలికాలంలో అది మరీ తెలియదు. కనుక దాహం వేసేవరకు ఆగడం వృద్ధులకు క్షేమం కాదు.

హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందనీ, తగిన ఆహారం అందకుంటే అది దేహంలోని రసధాతువును హరించి వాతాన్ని ప్రకోపింపజేస్తుందనీ 6వ అధ్యాయం తెలుపుతున్నది. ఈ ఋతువులో ఆకలిని చంపుకొని ప్రయాణించరాదు.

మా దినచర్య

ఉదయం గోరువెచ్చని నువ్వులనూనెతో మోకాళ్ళకు, పిక్కలకు, పాదాలకు మర్దన చేసుకొని, వేడినీటి స్నానం చేసేవాళ్ళం. పొలాలపై మంచు విడిన తరువాతనే వ్యాను కదిలేది. దినానికి 70 కిలోమీటర్లకు మించలేదు. ప్రతి గంటన్నరకు ఆగి, మూత్రవిసర్జన చేసి, పది నిమిషాలు నడిచి, ఒక గ్లాసు గోరువెచ్చని నీరు త్రాగడం నియమం. ధనియాలు, జీలకర్ర వేసి కాచిన నీరు ఒక ఫ్లాస్కులో ఉండేది. ఉదయం చోడి అంబలి, మధ్యాహ్నం వేడి అన్నం, పెసరపప్పు, నేయి. సాయంత్రం దారిలో కొన్న తేగలు. తేగలలో పీచు అధికం. నమిలి తినగలవారికి మలబద్ధం కలగనీయవు. రాత్రి ప్రయాణం పూర్తిగా మానివేశాము. డ్రైవరు నిద్ర కూడా అణచరాని వేగమే కదా!

ఈ విధంగా రామతీర్థం, అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, కళింగపట్నం చూశాము. వంశధార తీరాన శాలిహుండం బౌద్ధస్తూపాలున్న కొండను మా శ్రీమతి మెల్లగా ఎక్కింది. తేలినీలాపురంలో చెట్లపై గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను చూస్తూ రెండు గంటలు గడిపాము. “ఏమండీ, ఎక్కడ ఆగుతామో అన్న దిగులు లేకుండా చుట్టూ చూడడం నాకిదే మొదటిసారి” అన్నదామె.

ఉద్దానం నేర్పే జాగ్రత్త

పలాస దాటి ఇచ్ఛాపురం వరకు జీడి, కొబ్బరి తోటలతో అలరారే ఉద్దానం కంటికి ఎంత ఇంపో, అక్కడి మూత్రపిండాల వ్యాధి అంత దారుణం. మధుమేహం, రక్తపోటు లేనివారిని సైతం పీడించే ఈ వ్యాధికి మూలకారణం పరిశోధకులు ఇంకా నిర్ధారించలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి తాగునీటి పథకమూ అప్పుడే ఆరంభమైనది. కేవలం నీరు త్రాగడం చేత ఇటువంటి వ్యాధి నివారణ అవుతుందని ఎవరూ భ్రమపడరాదు. ఒళ్ళునొప్పులకు తోచినట్లు నొప్పిమాత్రలు మింగడం, పేరు తెలియని మూలికలు, భస్మాలు సేవించడం మూత్రపిండాలకు హాని చేయగలవు.

ముఖ్య సూచనలు

- గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు ఎంత నీరు త్రాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.
- ప్రయాణానికి అడ్డమని, మూత్రం అధికంగా వెడలించే రక్తపోటు మాత్రను కొందరు మానివేస్తారు. ఇది ప్రమాదం. మాత్ర వేసుకొనే వేళ మార్చవచ్చునేమో వైద్యుని సంప్రదించండి.
- మూత్రంలో మంటతోపాటు జ్వరం, నడుమునొప్పి, రక్తం కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.
- చలికి మూసిన వాహనంలో బొగ్గుల కుంపటి ఎన్నడూ ఉంచరాదు. ఆ విషవాయువు ప్రాణాంతకం. వంటవేళ కిటికీలు తెరవాలి.

మరుగుదొడ్డి ఉన్న వాహనం అందరికీ లభ్యం కాకపోవచ్చు. సొంత కారైనా, అద్దె కారైనా, ఎక్కడెక్కడ ఆగాలో బయలుదేరే ముందే కుటుంబసభ్యులు నిర్ణయించి డ్రైవరుకు చెప్పవచ్చు. పెద్దవారు నోరు తెరిచి అడిగేవరకు వేచి ఉండక, “అమ్మా, ఇక్కడ ఆగుదామా?” అని పిల్లలే అడగడం మేలు. ఆ ఒక్క మాటతో తల్లి ధైర్యంగా మంచినీరు త్రాగుతుంది.