ఎనిమిది చుక్కల లెక్క

పిల్లలూ, మెడలో స్కార్ఫ్ కట్టుకున్న స్కౌట్లని చూశారు కదా? వాళ్లలో ప్రతివాడూ ముందు ఒక పేట్రోల్‌కి చెందుతాడు. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలుండే చిన్న జట్టు అది. అలాంటి జట్లు నాలుగు దాకా చేరితే ట్రూప్. ఆడపిల్లల్ని గైడ్లంటారు, వాళ్ల ట్రూప్‌ని కంపెనీ అంటారు.

ఇంత చిన్న జట్టెందుకో చూద్దాం. కాగితం మీద 8 చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో కలపండి. 28 గీతలొస్తాయి. అదే నాలుగు జట్లనీ కలిపి 32 చుక్కలైతే 496 గీతలు! గీతంటే ఇద్దరి మధ్య పరిచయం అనుకోండి. 28 అయితే పన్నెండేళ్ల పేట్రోల్ లీడర్‌కీ అందుతాయి. ఎవడికి ఈత రాదో, ఎవడికి చీకటంటే భయమో ఆ లీడర్‌కి తెలుస్తుంది. 496 పెద్దవాళ్లకే అందవు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టినప్పుడు కూడా, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పొవెల్ పిల్లల్ని నాలుగు పేట్రోళ్లుగానే విడదీశాడు.

నాకు బాగా నచ్చేది కోర్ట్ ఆఫ్ ఆనర్. పేట్రోల్ లీడర్లంతా కూర్చుని క్యాంపు ఎక్కడ వెయ్యాలి, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి, మాట తప్పినవాణ్ణి ఏం చెయ్యాలి అని వాళ్లే తేలుస్తారు. స్కౌట్ మాస్టరు పక్కన సలహాకి ఉంటాడంతే. పిల్లలకి బాధ్యత నేర్పాలంటే ఇంతకంటే మంచి దారి నాకు కనపడదు.

ట్రూప్‌ల పైన జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, ఢిల్లీలో జాతీయ కార్యాలయం. ఇందులో ఒక తమాషా ఉంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న మన దక్షిణ మధ్య రైల్వే కూడా స్కౌట్ల లెక్కలో ఒక రాష్ట్రమే!

మన దేశంలో స్కౌటింగ్ 1909లో బెంగళూరులో మొదలైంది, కానీ తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లల కోసం మద్రాసులో అనిబిసెంట్, అలహాబాదులో మాలవ్యా, కుంజ్రూ వేరే సంఘాలు పెట్టాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబర్ 7న దేశంలోని స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడు ఆగస్టు 15న గైడ్లూ చేరారు. ప్రపంచంలో స్కౌట్లదీ గైడ్లదీ వేర్వేరు సంస్థలు. మన సంఘానికి రెండింట్లోనూ సభ్యత్వం ఉంది.

మీలో పదేళ్లు నిండినవాళ్లు స్కౌట్లలో, గైడ్లలో చేరొచ్చు. ఇంకా చిన్నవాళ్లకి కబ్‌లు, బుల్‌బుల్‌లు ఉన్నాయి. వాళ్ల జట్టులో ఆరుగురే. అందుకే దాని పేరు కూడా సిక్సే.