మామిడితోటలో మోగ్లీ పాట!

ఆదివారం పొద్దున్నే రెడ్డిగూడెం తోటల్లో పిల్లలెందుకు కనిపించేవారు కాదో తెలుసా? రసాలు ముగ్గి రాలిపోతున్నా సరే, అందరూ టీవీ ఉన్న ఇంటి అరుగు మీదే! ఒకడు మాత్రం డాబా ఎక్కి యాంటెన్నా తిప్పాలి. "వచ్చిందా?" "ఇంకాస్త తిప్పరా... ఆఁ, ఆగాగు!" పాపం, వాడికి పాట వినపడేదే గాని బొమ్మ దక్కేది కాదు.

1993లో దూరదర్శన్ చూపించిన 'జంగిల్ బుక్' సంగతి లెండి. కథ కిప్లింగ్‌ది, అడవి మన మధ్యప్రదేశ్‌ది, బొమ్మలు జపాను 'నిప్పన్ యానిమేషన్' వారివి (1989). మన నోట నానిన ఆ టైటిల్ పాట మాత్రం జపాను సరుకు కాదండోయ్! గుల్జార్ రాస్తే విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. హిందీ ముక్క రాని మన పిల్లకాయలు తప్పులతోనే హాయిగా పాడేశారు. షేర్ ఖాన్‌కు గొంతిచ్చింది నానా పటేకర్ అని ఎవరికి తెలుసు?

అంతకు రెండేళ్ల ముందే, 1991లో, సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'తో కాలయంత్రాన్ని తెలుగులో నడిపించేశారు. వెల్స్ నవల 1895 నాటిదైతేనేం, మన బాలకృష్ణ దిగింది సాక్షాత్తూ రాయలవారి కాలంలో! అక్కణ్ణుంచి ఏకంగా 2504కి! ఇళయరాజా సంగీతం సరేసరి. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైనప్పుడు 'సెట్టింగులు పాతవి' అని పెదవి విరిచిన కుర్రాళ్లూ, ఈనాటి కంప్యూటర్ హంగులు అప్పుడెక్కడివి?

అన్నట్టు, డాబా ఎక్కిన ఆ కుర్రాణ్ణి నేనే. మోగ్లీ మొహం కన్నా వాడి పాటే నాకు బాగా తెలుసు.