మాల తీసిన మర్నాడు...

కార్తీకమాసం వచ్చిందంటే మన అనంతపురం పల్లెల్లో చాలామంది ఇల్లాళ్ళు కాస్త తెరిపిన పడతారు. ఏడాది పొడుగునా తూలుతూ ఇల్లు చేరే మనిషి మెళ్ళో అయ్యప్ప మాల వేసుకుంటాడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, రెండుపూటలా పూజ, సాయంత్రం భజన. 41 రోజులు చుక్క ముట్టడు. 'ఈయన మా ఆయనేనా!' అని కట్టుకున్నదే ముక్కున వేలేసుకుంటుంది. కొండకెళ్ళి వస్తాడు, మాల తీస్తాడు... మర్నాడు పొద్దుగూకేసరికి మళ్ళీ సీసా దగ్గర తేలతాడు.

'వీడికి భక్తీ లేదు, పాడూ లేదు, అంతా నటన' అని మనం తేల్చేస్తాం. కానీ ఇంకోలా ఆలోచించి చూడండి. ఆ 41 రోజులు ఎలా మానగలిగాడు? అప్పుడతను ఒంటరివాడు కాడు. సాయంత్రమైతే వెళ్ళడానికో చోటుంది. అక్కడ తనలాంటివాళ్ళు పదిమంది ఉన్నారు. దారి చెప్పే గురుస్వామి ఉన్నాడు. నిన్నటిదాకా 'తాగుబోతు' అన్న ఊరే 'స్వామీ' అని పిలుస్తోంది. తాగే స్నేహితులు కూడా మాల చూసి 'ఒక్క గుక్కే రా' అనడానికి జంకుతారు. మాల తీయగానే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. మిగిలేది పాత రచ్చకట్ట, పాత స్నేహం, పాత పిలుపు.

వ్యసనం నుంచి బయటపడేవారికి మందులెంత అవసరమో, మానిన తర్వాత వెళ్ళి కూర్చునే చోటూ అంతే అవసరం.

జబ్బు అనుకుంటేనే వైద్యం

తాగుడుకి బానిస కావడం పొగరు కాదు, పూర్వజన్మ కర్మా కాదు. అదో జబ్బు. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే 2019లో వెలువడింది. తాగుడు వల్ల సాయం అవసరమైనవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని అందులో తేలింది. ఇంకో మాట మరీ గుండె కలుక్కుమనిపిస్తుంది. దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక సాయం అందిందట! మిగతా 37 ఇళ్ళ సంగతి? ఆ భారమంతా ఆడవాళ్ళ నెత్తినే కదా!

దుకాణం మూస్తే దాహం పోతుందా?

మన ఆడవాళ్ళు ఈ యుద్ధం చేయలేదని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న మహిళలు సారా దుకాణం మీదికి నడిచారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. సారాకి పోయే డబ్బు రోజుకో రూపాయి చొప్పున పొదుపుగా మారింది. అయితే 1997లో నిషేధం ఎత్తేశారు.

దుకాణాలు 2019లో ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2024లో మళ్ళీ ప్రైవేటు చేతికి వెళ్ళాయి. ఎవరి చేతిలో ఉన్నా మన ఇంటి డబ్బు అక్కడికే పోతోంది. ఇంత పోరాటంలో మనం ఒక్కటి మరిచాం. దుకాణం మూయించాం సరే, మానాలనుకున్న మనిషి ఎక్కడికి పోవాలి? మొన్న 2020లో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసేస్తే, వణుకుతూ, కలవరిస్తూ హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం బారులు తీరారు. సీసా దొరక్కుండా చేసినంత మాత్రాన ఒంటికి పట్టిన అలవాటు వదలదని తేలిపోయింది.

ఊరే ఆస్పత్రి

చెన్నైలో శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల 1979లో భర్తని పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలో మునిగిపోకుండా 1980లో ఆయన పేరిటే సంస్థ పెట్టి వ్యసనపరులకు వైద్యం మొదలుపెట్టారు. పల్లెవాళ్ళు పట్నం దాకా రాలేరని గ్రహించి, 1989లో తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి అనే పల్లెలో శిబిరం పెట్టారు. వైద్యం ఊరికే వెళ్ళింది. పక్కింటివాడు మారుతుంటే ఊరంతా కళ్ళారా చూసింది. శిబిరం అయిపోయాక వాళ్ళని గాలికి వదిలెయ్యలేదు, మళ్ళీ మళ్ళీ పిలిచి పలకరించారు. అసలు కీలకం అక్కడే ఉంది.

మన పొరుగున కర్ణాటకలో ధర్మస్థలం వారి జనజాగృతి వేదిక ఇలాంటివే వెయ్యికి పైగా శిబిరాలు జరిపింది. ఊరి పెద్దలే సంఘంగా ఏర్పడి చోటూ, భోజనం చూసుకుంటారు. శిబిరం నుంచి బయటికొచ్చినవాళ్ళు 'నవజీవన సమితి'గా కలుస్తూ ఉంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలదీ ఇదే దారి. ఫీజు లేదు, పేరు చెప్పక్కర్లేదు. 'ఈ ఒక్క రోజుకి తాగను' అనుకుంటే చాలు. మానినవాడి మాట కొత్తగా మానేవాడికి ఎక్కినట్టు మన శాపనార్థాలు ఎక్కవు కదా!

మరి మన ఊళ్ళో?

ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ వాన పడే నేల మనది. చెనిక్కాయ పంట పోయినప్పుడల్లా మగవాళ్ళు బెంగుళూరుకి కూలికి పోతారు. ఉన్నవాళ్ళు పని లేక కట్ట మీద కూర్చుంటారు. 'వానల్లేక తాగుతున్నాడమ్మా' అంటారు. అది సగం నిజం. అదే వాన కోసం ఆడదీ ఎదురు చూసింది, అదే అప్పు ఆమే తీర్చింది. ఆమె తాగలేదే!

అయినా ఖాళీ సాయంత్రం మనిషిని తినేస్తుందన్నది మాత్రం వాస్తవం. దానికి మందు మన ఊళ్ళోనే ఉంది. పొదుపు సంఘం గదో, కమ్యూనిటీ హాలో, గుడి మండపమో, ఎన్నో ఊళ్ళలో సాయంత్రాలు తాళం వేసే ఉంటాయి. వారానికి రెండు సాయంత్రాలు ఆ తాళం తీస్తే చాలు. మానినవాళ్ళు అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారు. నెలకోసారి ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరుగారినో నర్సమ్మనో పిలవొచ్చు. ఇంకో పూట ఇల్లాళ్ళు విడిగా కూర్చోవాలి. వాళ్ళ గాయాలకీ పలకరింపు కావాలి.

మనం చేయదగినవి, చేయకూడనివి

ఏళ్ళ తరబడి రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతి చలించడం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. మొదటి వారం డాక్టరు చేతిలోనే గడవాలి. మాల వేసుకోబోయేవారికీ ఇది వర్తిస్తుంది.

గోడల మీద ప్రకటనలు చూసి తెచ్చిన పొడులూ, మాత్రలూ భర్తకి తెలియకుండా కూరలో కలపకండి. డైసల్ఫిరామ్ అనే మందు ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే గుండెకే ముప్పు. మనిషి ఒప్పుకుని, డాక్టరు పరీక్షించి ఇవ్వాల్సిన మందు అది.

మానినవాడు తొలి నెలల్లో మళ్ళీ జారొచ్చు. అంత మాత్రాన పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టు కాదు. మలేరియా తిరగబెడితే మళ్ళీ వైద్యం చేయించమూ? ఇదీ అంతే. కానీ ఒక్క మాట. జబ్బు అన్నామని దెబ్బలు భరించమని కాదు. చెయ్యెత్తితే మీకూ, పిల్లలకీ భద్రత ముందు, ఆయన వైద్యం తర్వాత. మీ తప్పు వల్ల ఆయన తాగడం లేదు, మీ ఓర్పు ఒక్కదానివల్లే మానడు.

ఎవరినడగాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. వ్యసనాల కోసం ఉన్న జాతీయ ఉచిత నంబరిది. 14416లో మనసు బాధలు తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఈసారి పొదుపు సంఘం సమావేశంలో వాయిదాల లెక్క అయ్యాక లేచి వచ్చేయకండి. 'మన హాలు తాళం చెవి ఎవరి దగ్గరుంది?' అని అడగండి. ఆ తాళం తీయించే పని మనతోనే మొదలు కావాలి. సారా కొట్టుకి తాళం వేయించిన చేతులకి ఇదేమంత కష్టం?