టీచర్ జవాబు ముక్తసరిగా ఉందా? దానికో కారణం ఉంది

మధ్యాహ్నం మూడింటికి స్కూల్ నుంచి మెయిల్ వస్తుంది. "ఈరోజు రిసెస్‌లో మీ అబ్బాయికి, మరో విద్యార్థికి మధ్య ఒక సంఘటన జరిగింది." అంతే. ఆ రెండో పిల్లాడెవరు, వాణ్ణి ఏం చేశారు అన్నది అందులో ఉండదు. మళ్ళీ అడిగితే "ఆ వివరాలు చెప్పలేం" అంటారు. మన పిల్లాడంటే వీళ్ళకి లెక్కలేదా అని కడుపు మండిపోతుంది.

మన ఊళ్ళో అయితే స్కూలు గేటు దగ్గరే టీచరమ్మ కథంతా చెప్పేస్తుంది. ఇక్కడ అలా చెప్పకపోవడానికి కారణం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం. ఫెడరల్ నిధులు తీసుకునే స్కూళ్ళు, కొన్ని మినహాయింపులు తప్ప, ఒక విద్యార్థి రికార్డుల్లోని వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇతరులకు చెప్పకూడదు. రేపు ఎప్పుడైనా తప్పు మనవాడిదైతే, వాడికి పడిన శిక్ష గురించి స్కూలు ఊరందరికీ చెప్పకుండా ఆపేదీ ఇదే చట్టం.

కాబట్టి "ఆ అబ్బాయిని ఏం చేశారు?" అన్న ప్రశ్నకు జవాబు రాదు. "మా బాబుకి ఏం జరిగింది? పెద్దవాళ్ళెవరు చూశారు? రేపటి నుంచి వాడి భద్రతకి ఏం మారుస్తున్నారు?" అని అడగండి. ఇవి మీ బిడ్డ గురించిన ప్రశ్నలు. వీటికి జవాబు కోరే హక్కు మీకుంది. మీ పిల్లల రికార్డులు చూస్తామని అడిగితే, 45 రోజుల్లోగా చూపించాలని కూడా ఫెర్పా చెబుతోంది.

విషయం వేధింపుల దాకా వెళితే టీచర్ ఒక్కరే నిర్ణయించలేరు, పైవాళ్ళకి చెప్పాలి. అప్పటి నుంచి ఆమె మాట ఆచితూచి వస్తుంది. గడువులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. న్యూజెర్సీలో ఫిర్యాదు అందాక ఒక్క స్కూలు రోజులోపే విచారణ మొదలుపెట్టాలి. టెక్సాస్‌లో 2017 నాటి డేవిడ్స్ లా ప్రకారం, వేధింపుకి గురయ్యారంటున్న పిల్లల తల్లిదండ్రులకు మూడు పని దినాల్లో తెలియజేయాలి. మీ డిస్ట్రిక్ట్ నియమాలు స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. గొడవ రాకముందే ఒకసారి తిరగేసి పెట్టుకోండి.

సస్పెన్షన్ అన్నారా? పబ్లిక్ స్కూల్లో పదిరోజుల లోపు సస్పెన్షన్‌కైనా ఆరోపణ ఏమిటో చెప్పి, విద్యార్థి మాట కూడా వినాలని 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. "మా వాడి మాట ఎవరు విన్నారు, ఎప్పుడు?" అని నిదానంగా అడగొచ్చు.

ఇక మన మెయిల్ సంగతి. కోపంలో రాత్రి రాసింది పొద్దున చదివాకే పంపండి. తేదీ, జరిగింది, మీరు కోరేది, ఈ మూడూ ఐదారు వాక్యాల్లో చాలు. ఫోన్లో మాట్లాడితే, ఆ సాయంత్రమే "మనం అనుకున్నది ఇదీ" అని ఒక మెయిల్ పెట్టండి. రెండు వారాల తర్వాత ఎవరికీ ఏదీ సరిగ్గా గుర్తుండదు. మొదట టీచర్, ఆ తర్వాత కౌన్సిలర్, ప్రిన్సిపాల్, చివరికి డిస్ట్రిక్ట్. ఆ వరుస దాటి ఒకేసారి పైకి వెళితే మళ్ళీ కిందికే పంపిస్తారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ పిల్లాడి పేరు రాయకండి. వాడికీ ఒక అమ్మ ఉంది.

ఇంగ్లీషులో తడబడతామని "మా ఆయన వచ్చాక మాట్లాడతారు" అనే చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మ చూసింది అమ్మే చెప్పాలి. చాలా డిస్ట్రిక్టులు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో కలుపుతాయి. మీటింగ్‌కి కొన్ని రోజుల ముందే "తెలుగు కావాలి" అని రాసి అడగండి. ఆ గొడవలో ఉన్న పిల్లాడి చేతే అనువాదం చేయించకండి. తన తప్పు తనే ఎలా చెప్పుకుంటాడు?

ఇంకొక్క మాట. ఎంత కోపమున్నా పిల్లల ముందు టీచర్‌ని తిట్టకండి. రేపు పొద్దున వాడు వెళ్ళి కూర్చోవాల్సింది ఆ క్లాసులోనే.