యమలోక హాస్యము – దాని ఆకర్షణ

మృత్యువు భయానకరసమునకు ఆలంబనము. అది హాస్యమునకు ఆధారమగుట విచిత్రముగా తోచును. కాని మన చలనచిత్రములలో 'దేవాంతకుడు' (1960), 'యమగోల' (1977), 'యముడికి మొగుడు' (1988) జనాదరము పొందినవి. వీనిలో కడపటి రెండును 'యమనుక్కు యమన్' (1980), 'అదిశయ పిరవి' (1990) అను పేర్లతో తమిళమునకును పోయినవి. కావున రెండు భాషల నడుమ బ్రదుకు ధర్మపురి తెలుగువారికి ఈ కథలు రెండు రూపములలోను అందుబాటున నున్నవి.

ఈ ఆకర్షణకు మూలమేమి? యముడు పౌరాణిక నాటకఫక్కిలో, కిరీటధారియై, దీర్ఘసమాసములతో గర్జించును. మానవుడు వీధిమాటలతో బదులు చెప్పును. ఈ వైషమ్యము మొదటి కారణము. యమసభ మన కచేరీని తలపించుట రెండవది. 'యమగోల'లో నాయకుడు యమభటులచేతనే సమ్మె చేయించును. 'యముడికి మొగుడు'లో ఆయువు తీరకమునుపే కొనిపోబడిన నాయకుడు తన లెక్క సరిచేయుమని పట్టుబట్టును.

మూడవ కారణము గాఢతరమైనది. యముడు సమవర్తి, ధర్మరాజు. తన ధర్మమునకు తానే బద్ధుడు గనుక ఆతనిని ప్రశ్నింపవచ్చును. సావిత్రి వినయముతో సాధించిన దానిని వీరు పరిహాసముతో సాధింతురు. మృత్యువు లేకుండవలెనని ఈ హాస్యము కోరదు. అది న్యాయముగా రావలెనని మాత్రమే కోరును. ఆప్తుల నకాలమున కోల్పోయిన ప్రేక్షకునకు ఆ నవ్వు ఊరటయగుట అందువలననే.