క్వారంటైన్, ఐసోలేషన్ మధ్య భేదం

క్వారంటైన్ మరియు ఐసోలేషన్ అనునవి అంటువ్యాధుల నివారణకు సంబంధించిన రెండు ఇంగ్లీషు పదాలు. రెండింటిలోనూ పైకి కనిపించేది మనిషిని మనిషికి దూరంగా ఉంచడమే కాబట్టి, ఒకదాని బదులు మరొకటి వాడడం పరిపాటి అయినది. కాని వైద్యశాస్త్రంలో ఇవి పర్యాయపదాలు కావు. వ్యాధి సోకినదని తేలినవారిని ఇతరులనుండి వేరుచేసి ఉంచడం ఐసోలేషన్. వ్యాధిగ్రస్తులతో మెలగి, తమకు సోకినదో లేదో ఇంకా తెలియక, చూడడానికి ఆరోగ్యంగానే ఉన్నవారిని కొంతకాలం విడిగా ఉంచి గమనించడం క్వారంటైన్. మొదటిది తేలిన విషయం, రెండవది తేలవలసిన విషయం. ఈ భేదాన్ని విస్మరించి ఇద్దరినీ ఒకే గదిలో ఉంచినట్లయితే, ఆరోగ్యవంతునికి లేని జబ్బును చేజేతులా అంటించినట్లే అవుతుంది.

ఒక ఇంటిలోని ఉదాహరణ

ఈ భేదం ఆటలమ్మ (చికెన్‌పాక్స్) విషయంలో సులభంగా బోధపడుతుంది. ఒక ఇంటిలో ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. పెద్దవానికి ఒంటిమీద నీటిపొక్కులు లేచినవి. వాడు జబ్బు మనిషి. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందునుండి, అవన్నీ ఎండి పెచ్చులు కట్టేవరకు వానినుండి వ్యాధి ఇతరులకు సోకుతుంది. అంతవరకు వానిని వేరే గదిలో ఉంచడం ఐసోలేషన్.

చిన్నవానికి పూర్వం ఈ జబ్బు రాలేదు, టీకా కూడా వేయించలేదు. అన్నతో కలిసి ఒకే పక్కమీద పడుకున్నాడు. వానికి జబ్బు వచ్చేటట్లయితే సాధారణంగా 10 నుండి 21 రోజులలోపు బయటపడుతుంది. ఆ లోగా వాడు ఆడుతూ పాడుతూనే ఉంటాడు. అయితే పొక్కులు లేవడానికి ముందే వానినుండి తోటి పిల్లలకు సోకే ప్రమాదమున్నది. అందుచేత ఆసుపత్రులలో ఇటువంటి వారిని వ్యాధికి గురి అయిన 8వ రోజునుండి 21వ రోజువరకు విడిగా ఉంచుతారు. ఇది క్వారంటైన్. 21 రోజులు ఏమీ కాకుండా గడిచినచో చిన్నవాడు బడికి పోవచ్చును. మధ్యలో ఒంటిమీద పొక్కు కనిపించినచో ఆ పూటతో వాని క్వారంటైన్ ముగిసి, ఐసోలేషన్ మొదలవుతుంది. "ఇద్దరూ విడిగా ఉండవలసినవారే కదా" అని వారిని ఒకే గదిలో పెట్టడం మాత్రం పనికిరాదు. చిన్నవాడు తప్పించుకొనే అవకాశాన్ని పెద్దలే పోగొట్టినవారవుతారు.

చిన్నతనంలోనే ఆటలమ్మ వచ్చిపోయిన తల్లికి సాధారణంగా ఈ రెండింటిలో ఏదీ అవసరముండదు.

పదాల పుట్టుక

ఐసోలేషన్ అను పదానికి మూలం లాటిన్ భాషలో ద్వీపం అని అర్థమిచ్చే 'ఇన్సులా'. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇది ఇంగ్లీషులో ప్రవేశించినది. చుట్టూ నీరున్న దీవివలె ఒంటరిగా ఉంచడమని భావం.

క్వారంటైన్ అను పదం వెనిస్ నగరపు భాషలో నలభై అని అర్థమిచ్చే 'క్వరాంత' నుండి వచ్చినది. అయితే ఈ పద్ధతి మొదలైనది నలభై రోజులతో కాదు. ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న రగూసా (నేడు క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్) రేవు పట్టణంవారు 1377లో ఒక శాసనం చేసినారు. ప్లేగు ఉన్న ప్రాంతాలనుండి వచ్చేవారు పట్టణంలో అడుగుపెట్టడానికి ముందు ముప్ఫై రోజులు దగ్గరి దీవిలోనో, కావ్‌టాట్ అను ఊరిలోనో గడపవలెనని దాని సారాంశం. తరువాతి కాలంలో ముప్ఫై నలభై అయినది. నలభై ఎందుకయినదన్నదానికి స్పష్టమైన ఆధారం లేదు. క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసకాలంతో ముడిపెట్టి చెప్పేవారున్నారు.

వెనిస్ నగరపు ఏర్పాటు ఇంకా గమనింపదగినది. అక్కడ 1423లో ప్లేగు రోగులకోసం ఒక దీవిలో ఆసుపత్రి పెట్టినారు. దానికి లాజరెట్టో వెక్కియో అని పేరు. 1468లో మరొక దీవిని, అనుమానమున్న ఓడలనుండి దిగినవారిని, సరుకులను ఉంచి కనిపెట్టడానికి కేటాయించినారు. అది లాజరెట్టో నువోవో. రోగులకు ఒక దీవి, అనుమానితులకు మరొక దీవి. సూక్ష్మజీవి అన్న ఊహ కూడా లేని రోజులలోనే వారు ఈ రెంటినీ కలపరాదని గ్రహించినారన్నమాట. ప్లేగు బాక్టీరియా కనుగొనబడినది 1894లో. ఎలుకలమీది గోమార్లద్వారా అది వ్యాపిస్తుందని తెలిసినది 1898లో. మనుషులను దీవిలో దింపినా, ఓడ తాళ్ళు పట్టుకొని రేవులోకి దిగే ఎలుకలను ఆపే శాసనమేదీ నాడు లేదు.

గడువు ఎలా నిర్ణయిస్తారు

రెండింటికీ గడువు ఉంటుంది గాని, ఆ గడువును కొలిచే కొలబద్దలు వేరు. క్రిమి శరీరంలో ప్రవేశించిన నాటినుండి లక్షణాలు కనిపించే నాటివరకు పట్టే సమయాన్ని పొదిగే కాలమంటారు. క్వారంటైన్ గడువు ఈ పొదిగే కాలపు గరిష్ఠ పరిమితినిబట్టి ఉంటుంది. ఎబోలా వ్యాధికి ఇది 2 నుండి 21 రోజులు కాబట్టి గడువు 21 రోజులు. కోవిడ్-19 మొదట వ్యాపించినప్పుడు, 2020లో, 14 రోజులుగా నిర్ణయించినారు.

ఐసోలేషన్ గడువు మాత్రం రోగినుండి వ్యాధి ఎన్నాళ్ళు సోకుతుందన్నదానిమీద ఆధారపడుతుంది. రోగికి నయమైనట్లు కనిపించినా సోకే గుణం పోనంతవరకు గడువు తీరదు. ఆ గుణం జన్మంతా పోనట్లయితే ఏమి చేయవలెనన్న చిక్కు ప్రశ్న ఒకప్పుడు న్యూయార్క్ నగరంలో ఎదురయినది.

మేరీ మాలన్ ఉదంతం

మేరీ మాలన్ 1869లో ఐర్లండులో పుట్టి అమెరికా చేరి, న్యూయార్క్ ప్రాంతపు సంపన్నుల ఇండ్లలో వంటమనిషిగా పనిచేసినది. ఆమె పనిచేసిన ఇండ్లలో వరుసగా టైఫాయిడ్ రావడాన్ని జార్జ్ సోపర్ అను ఇంజనీరు గుర్తించినాడు. 1907లో అధికారులు ఆమెను పట్టుకొని నార్త్ బ్రదర్ దీవిలోని ఆసుపత్రి ఆవరణలో ఉంచినారు. ఆమెకు జ్వరం లేదు, నీరసం లేదు. తాను ఆరోగ్యవంతురాలిననే ఆమె వాదించినది. కాని పరీక్షలలో ఆమె మలంలో టైఫాయిడ్ క్రిములు బయటపడినవి. ఇకపై వంటపని చేయనన్న మాటమీద 1910లో విడుదల చేసినారు. 1915లో న్యూయార్క్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ వచ్చి ఇద్దరు మరణించగా, అక్కడ మారుపేరుతో వంట చేస్తున్నది ఆమేనని తేలినది. మరల దీవికి పంపినారు. 1938లో మరణించేవరకు ఆమె అక్కడే ఉన్నది.

అనేక పుస్తకాలలో ఆమెను 'క్వారంటైన్ చేసినారు' అని వ్రాయడం కనిపిస్తుంది. పైకి ఆరోగ్యంగా ఉన్నది కాబట్టి అలా అనిపించడం సహజమే. అయినప్పటికీ అది సరికాదు. ఆమెకు క్రిమి సోకినదా లేదా అన్న సందేహం లేదు, అది పరీక్షలో తేలిన విషయం. కనుక అది ఐసోలేషన్. ఈ రెండు పదాల మధ్య గీత గీసేది లక్షణాలు ఉండడం, లేకపోవడం కాదు. క్రిమి ఉన్నదని తెలియడం, తెలియకపోవడం.

డైమండ్ ప్రిన్సెస్ ఓడ

రెండు పద్ధతులు కలగాపులగమైతే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకోహామా రేవులో కనిపించినది. డైమండ్ ప్రిన్సెస్ అను విహార నౌకలో ప్రయాణించి హాంగ్‌కాంగ్‌లో దిగిపోయిన ఒకరికి కోవిడ్ ఉన్నట్లు తేలడంతో, ఓడలోని 3,711 మందిని ఓడలోనే నిలిపివేసినారు. ప్రయాణికులను గదులు విడిచి రావద్దన్నారు. వ్యాధి ఉన్నదని తేలినవారిని తేలినట్లే ఒడ్డుకు చేర్చి ఆసుపత్రులకు పంపినారు. ఇంతవరకు సక్రమమే. కాని వేయిమందికి పైగా ఉన్న ఓడ సిబ్బంది వంట చేస్తూ, గదిగదికీ భోజనాలు అందిస్తూ, రాత్రికి ఇరుకు గదులలో జతలుగా నిద్రించినారు. వారూ అనుమానితులే, అయినా వారికి క్వారంటైన్ లేదు. పరీక్ష ఫలితం వచ్చేవరకు సోకినవారు, సోకనివారు కలిసే మెలగినారు. చివరికి 700 మందికి పైగా వ్యాధి సోకినది. వీరిలో చాలామందికి గదులలో ఉండుమనకముందే సోకినదని తరువాతి పరిశీలనలు సూచించినవి. మిగిలినవారి విషయంలో క్వారంటైన్ అన్న పేరు ఉన్నదే గాని, పని పూర్తిగా జరగలేదనవలెను.

ఎప్పుడు ఏది చాలును

2003లో విజృంభించిన సార్స్ వ్యాధిలో, రోగినుండి వ్యాధి ప్రధానంగా లక్షణాలు కనిపించిన తరువాతనే సోకేది. జ్వరం వచ్చినవానిని వెంటనే వేరుచేయగలిగితే గొలుసు తెగిపోతుంది. అందుచేత ఐసోలేషన్ అక్కడ గొప్ప ఆయుధమయినది. 2003 జూలైలో ఆ వ్యాధి అదుపులోనికి వచ్చినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. కోవిడ్-19 సార్స్‌కు దగ్గరి చుట్టమైన వైరస్ వలననే వస్తుంది. కాని లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందునుండే ఇతరులకు సోకుతుంది. కొందరిలో లక్షణాలే ఉండవు. దగ్గు, జ్వరం చూసి వేరుచేసేసరికి అవతల సోకవలసినవారికి సోకి ఉంటుంది. ఐసోలేషన్ ఒక్కటే చాలక, ఆరోగ్యంగా కనిపించేవారిని కూడా ఇళ్ళలో కూర్చోబెట్టవలసి వచ్చినది ఇందువలననే.

చట్టపు దృష్టిలో

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నియమావళి ఈ రెండు పదాలకు వేర్వేరు నిర్వచనాలు ఇచ్చినది. ఆ నిర్వచనాలు మనుషులకే కాక సామానులకు, వాహనాలకు కూడా వర్తిస్తాయి. రోగిని వేరుచేయడాన్ని అతని కుటుంబమైనా ఒప్పుకుంటుంది. ఏ జబ్బూ లేనివానిని, రావచ్చునన్న అనుమానంతో కదలనివ్వకపోవడం అతని స్వేచ్ఛకు పెద్ద అడ్డంకి. కాబట్టి క్వారంటైన్‌కు తగిన కారణం, నిశ్చిత గడువు, తిండి, వసతి చూపవలసిన బాధ్యత విధించేవారిదే. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు సైనికులు ఇండ్లలో చొరబడి, రోగులను ఆసుపత్రులకు, ఇంటిలోని మిగిలినవారిని శిబిరాలకు తరలించినారు. రెండింటినీ విడదీసినారన్న మాట నిజమే గాని, తరలించిన తీరు ప్రజలలో తీవ్రమైన ఆగ్రహం రేపినది. ప్లేగు అధికారి రాండ్ ఆ ఏడాది చాపేకర్ సోదరుల చేతిలో హతుడయినాడు.

తెలుగువారి వాడుకలో

హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరంవారు 'కోరంటి దవాఖాన' అంటారు. కోరంటి అనునది క్వారంటైన్ జనం నోట నలిగి ఏర్పడిన రూపం. దీని అధికారిక నామం రోనాల్డ్ రాస్ పేరుమీద ఉన్నది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897లో కనుగొన్నది సికింద్రాబాదులోనే. కోరంటి దవాఖానలో చేరేవారు జబ్బుపడినవారే కాబట్టి అక్కడ జరిగే పని ఐసోలేషన్, పేరు మాత్రం క్వారంటైన్.

ఆటలమ్మను 'అమ్మవారు పోసింది' అని చెప్పుకొనే ఇండ్లలో గుమ్మానికి వేపమండలు కట్టడం, బయటివారు లోపలికి రాకపోవడం, పెచ్చులు రాలిన తరువాత వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోయడం ఆచారం. భక్తి సంగతి అలా ఉంచితే, ఇది దాదాపుగా ఐసోలేషన్. మొదలు, తుది కూడా స్పష్టంగా ఉన్నవి. అయితే అదే ఇంటిలోని మిగిలిన పిల్లలను బడికి పంపరాదన్న నియమం ఈ ఆచారంలో అంత గట్టిగా కనిపించదు.

2020లో తెలుగు పత్రికలలో రెండింటికీ 'స్వీయ నిర్బంధం', 'గృహ నిర్బంధం' అన్న మాటలు విరివిగా వాడబడినవి. గృహ నిర్బంధం అనగా పోలీసులు ఒక నాయకుని ఇంటినుండి కదలనివ్వకపోవడమని అంతకుముందే స్థిరపడిన అర్థం. ఈ మాటవలన, ఊరికి తిరిగివచ్చి పధ్నాలుగు రోజులు ఇంటిపట్టున ఉన్న ఆరోగ్యవంతుడు కూడా రోగిగానో, నేరస్తునిగానో లెక్కకు వచ్చినాడు. కోవిడ్ ఉన్న ఇండ్ల తలుపులకు కాగితాలు అంటించడంవలన వచ్చే వెలి గురించి సుప్రీంకోర్టు విచారణ జరిపి, తగిన అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అవి అంటించనక్కరలేదని 2020 డిసెంబరులో చెప్పినది. రెండు భిన్నమైన విషయాలకు నిర్బంధమనే ఒక్క మాట వాడడంకంటె, ఇంగ్లీషు పదాలనే ఉన్నవి ఉన్నట్లు ఉంచుకోవడం మేలనిపిస్తుంది.

ఇతర రంగాలు

విదేశాలనుండి వచ్చే విత్తనాలకు, మొక్కలకు కూడా క్వారంటైన్ ఉన్నది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఈ పరీక్షలు జరుగుతాయి. 1969లో చంద్రునిమీదనుండి తిరిగివచ్చిన అపోలో 11 వ్యోమగాములను, అక్కడ ఏవైనా క్రిములున్నవేమోనన్న అనుమానంతో, 21 రోజుల క్వారంటైన్‌లో ఉంచినారు. ఏమీ లేవని తేలిన పిమ్మట అపోలో 14 తరువాత ఆ పద్ధతిని మానుకొన్నారు. కంప్యూటరులో వైరస్ పట్టిన ఫైలును యాంటీవైరస్ ప్రోగ్రాము వేరుచేయడాన్ని కూడా క్వారంటైన్ అనే అంటారు. వైరస్ ఉన్నదని తేలిన తరువాత చేసే పని కాబట్టి దానిని ఐసోలేషన్ అనడమే ఉచితం. కాని ఆ వాడుక ఇప్పటికే స్థిరపడిపోయినది.