ఉక్కు పోయాక ఊరు ఎలా బతికింది? పిట్స్‌బర్గ్ చెప్పే లెక్క

ఊళ్లో యూనివర్సిటీ ఉంటే ఏమొస్తుంది? హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టీ కొట్లు, ఇంటద్దెలు. ఇవి ఏ కాలేజీ పక్కనైనా వస్తాయి. పరిశోధన చేసే యూనివర్సిటీ అయితే లెక్క వేరు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌ని చూద్దాం.

పిట్స్‌బర్గ్ అంటే ఉక్కు. 1950లో జనాభా దాదాపు 6 లక్షల 77 వేలు. 1980లలో మిల్లులు వరసగా మూతపడ్డాయి. ఊరి శివార్లలోని హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో ఆగిపోయింది. పని కోసం జనం వలసపోయారు. 2020 నాటికి మిగిలింది దాదాపు 3 లక్షల 3 వేలు.

మరి ఊరు పూర్తిగా ఎందుకు పడిపోలేదు? పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ, కార్నెగీ మెలన్ అక్కడే ఉన్నాయి కాబట్టి. ఇది మూడు దారుల్లో పనిచేస్తుంది.

ఒకటి, బయటి డబ్బు. దేశమంతా కట్టిన పన్ను రీసెర్చ్ గ్రాంటుగా వచ్చి, ల్యాబ్ ఉద్యోగి జీతంగా మారి, ఆ ఊరి దుకాణాల్లో ఖర్చవుతుంది.

రెండు, కొత్త కంపెనీలు. ప్రభుత్వ డబ్బుతో కనిపెట్టినదానికి పేటెంటు యూనివర్సిటీలే ఉంచుకోవచ్చని 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. ల్యాబ్ నుంచి మార్కెట్‌కి దారి సులువైంది. ఇక కార్నెగీ మెలన్ ప్రొఫెసర్, ఆయన విద్యార్థి కలిసి పెట్టిన డ్యుయోలింగో ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

మూడు, మనుషులు. 1979లో అక్కడ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దాని తొలి డైరెక్టర్ ఎవరో తెలుసా? మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. అక్కడ తయారైన నిపుణుల కోసమే 2015లో ఊబర్ ఆ ఊళ్లో సెంటర్ పెట్టింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కొలిమి దగ్గర పనిచేసిన యాభై ఏళ్ల మనిషికి రోబోటిక్స్ ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తారా? ఇవ్వరు. మిల్లు పదో తరగతి చదివినవాడికీ ఇల్లు కట్టుకునే జీతం ఇచ్చింది. ల్యాబ్ డిగ్రీ అడుగుతుంది. పైగా చదువుకి వాడే భవనాల మీద యూనివర్సిటీలు ఆస్తిపన్ను కట్టక్కర్లేదు. రోడ్లు, ఫైరింజన్ల ఖర్చు మాత్రం ఊరిదే. కొత్త కంపెనీలన్నీ నిలబడవు కూడా. డ్రైవర్ లేని కార్ల కంపెనీ ఆర్గో ఏఐ 2022లో మూతపడింది.

అందుకే మన దగ్గర ఎవరైనా 'యూనివర్సిటీ వస్తే ఊరు మారిపోతుంది' అంటే మూడు ప్రశ్నలు అడగండి. పరిశోధనకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? చదువైనవాళ్లు ఇక్కడే ఉండటానికి ఏముంది? ఇప్పుడు ఇక్కడ బతుకుతున్నవాళ్లకి దక్కేదేంటి? మూడోదానికి జవాబు లేకపోతే, ఊరు మారుతుంది గానీ ఊరివాళ్లు మారరు. మీరేమంటారో చెప్పండి.